ఒకే ఇనుప లవణం, రెండు పనులు: కాంతి రసాయనంలో నా అనుభవం

కాంతి రసాయనంలో పనిచేసేవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది లెక్కపెట్టడం. దీపం వెలిగించి, ద్రావణాన్ని దాని ముందు పెట్టి, రంగు మారిందని రాసుకుంటే అది పరిశోధన కాదు. కువెట్‌లోకి, అంటే ద్రావణం పోసే చిన్న పారదర్శక పాత్రలోకి, సెకనుకు ఎన్ని ఫోటాన్లు వెళ్లాయో, వాటిలో ద్రావణం ఎన్ని పీల్చుకుందో, పీల్చుకున్నవాటి వల్ల ఎన్ని అణువులు మారాయో తేలాలి. మారిన అణువుల సంఖ్యను పీల్చుకున్న ఫోటాన్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే క్వాంటం దిగుబడి. ఈ లెక్కకు నేను ఏళ్లుగా నమ్ముకున్నది పొటాషియం ఫెర్రీఆక్సలేట్ అనే పచ్చటి ఇనుప లవణం. బడిపిల్లల ముందు ఎండలో కాగితం మీద చేయించే నీలి ముద్ర (సయనోటైప్) కూడా నడిచేది దీని సోదర చర్య మీదే. అందుకే పరిశోధనశాల బల్ల మీద చేసేదీ, బడి ఆవరణలో చేయించేదీ ఒకే చోట రాస్తున్నాను. ఒకచోట నేర్చుకున్న జాగ్రత్త రెండోచోట అక్షరాలా పనికొస్తుంది.

ముందు లవణం తయారీ. కొనడం కంటే చేసుకోవడమే మేలు. 83 గ్రాముల పొటాషియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్‌ను నీళ్లలో కరిగించి 300 మి.లీ. చేస్తే 1.5 మోలార్ అవుతుంది. 40.5 గ్రాముల ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్‌ను 100 మి.లీ. చేస్తే అదీ 1.5 మోలారే. మొదటిదాన్ని బాగా కలుపుతూ రెండోదాన్ని పోస్తే గోధుమరంగు పోయి పచ్చదనం వస్తుంది. మంచులో చల్లారిస్తే స్ఫటికాలు దిగుతాయి. ఈ లవణం సున్నా డిగ్రీల దగ్గర 100 మి.లీ. నీటిలో 5 గ్రాములు కూడా కరగదు, మరిగే నీటిలో మాత్రం 100 గ్రాములు దాటి కరుగుతుంది. ఈ తేడాయే మనకు ఆధారం. గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, చల్లార్చి, వడకట్టడం మూడుసార్లు చేయాలి. అలా చేస్తేనే లోపల చిక్కుకున్న పొటాషియం క్లోరైడ్ పోతుంది. రెండుసార్లతో ఆపేస్తే తూకం తప్పుతుంది, ద్రావణం గాఢత తప్పుతుంది. స్ఫటికాలను 45 డిగ్రీల దగ్గర వెచ్చటి గాలిలో ఆరబెట్టి, ముదురు గోధుమ సీసాలో పోసి, సొరుగులో పెట్టాలి. వడకట్టడం మొదలు ఆరబెట్టడం దాకా అంతా ఎర్ర దీపం కిందే జరగాలి. కిటికీ పక్కన ఆరబెడితే పైపొర పసుపు తిరుగుతుంది. అది ఫెర్రస్ ఆక్సలేట్. అంటే కొలవాల్సిన చర్య కొలవకముందే జరిగిపోయిందన్నమాట.

చర్య ఇలా సాగుతుంది. ఫోటాన్‌ను పీల్చుకున్నప్పుడు ఆక్సలేట్ నుంచి ఒక ఎలక్ట్రాన్ ఫెర్రిక్ ఇనుముకు దూకుతుంది, ఇనుము ఫెర్రస్‌గా మారుతుంది. మిగిలిన ఆక్సలేట్ రాడికల్ ఊరుకోదు. అది ఇంకో ఫెర్రీఆక్సలేట్ అణువును క్షయకరణం చేసి, అంటే దానికి ఎలక్ట్రాన్ ఇచ్చి, తాను కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. అందువల్ల ఒక ఫోటాన్‌కు రెండు ఫెర్రస్ అయాన్ల దాకా రావొచ్చు. 365 నానోమీటర్ల దగ్గర క్వాంటం దిగుబడి 1.21. ఒకటి దాటిన సంఖ్య చూసి కొత్తవాళ్లు లెక్క తప్పిందనుకుని మళ్లీ మొదలుపెడతారు. తప్పేమీ లేదు, రెండో మెట్టు కాంతి అవసరం లేకుండానే జరుగుతుంది. ఈ పద్ధతిని హాచర్డ్, పార్కర్ 1956లో పూర్తిగా క్రమబద్ధం చేసి ప్రచురించారు. ఇప్పటికీ అందరం వాళ్ల అంకెల మీదే నడుస్తున్నాం.

కొలతకు 2.947 గ్రాముల లవణాన్ని 0.05 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి లీటరు చేస్తే 0.006 మోలార్ ద్రావణం వస్తుంది. ఆమ్లం తగ్గితే ఫెర్రస్ ఆక్సలేట్ పసుపు పొడిగా కింద పడుతుంది, కొలత పోతుంది. ఒక సెంటీమీటరు క్వార్ట్జ్ కువెట్‌లో 3 మి.లీ. తీసుకుని, చిన్న అయస్కాంత కడ్డీతో తిప్పుతూ, సరిగ్గా 60 సెకన్లు కాంతి పడనివ్వాలి. అందులోంచి 1 మి.లీ. పిపెట్‌తో తీసి 10 మి.లీ. ఫ్లాస్కులో వేసి, ఫెర్రస్‌తో కలిస్తే ఎర్రబడే ఫెనాంత్రోలిన్ 0.1 శాతం ద్రావణం 2 మి.లీ., ఆమ్లత్వాన్ని నిలకడగా ఉంచే బఫర్ అర మి.లీ. కలిపి, గీత దాకా నీళ్లు పోయాలి. బఫర్‌కు 1 మోలార్ సోడియం ఎసిటేట్ 600 మి.లీ., 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం 360 మి.లీ. కలిపి లీటరు చేసుకుంటాం. ఫ్లాస్కును గంటసేపు చీకట్లో పెట్టి, 510 నానోమీటర్ల దగ్గర శోషణ, అంటే ఆ కాంతిని ద్రావణం ఎంత పీల్చుకుందో, చదవాలి. కాంతి పడని అదే ద్రావణంతో ఇంకో ఫ్లాస్కు ఇలాగే తయారుచేసి దాన్ని పోలిక కోసం బ్లాంక్‌గా పెట్టాలి.

ఒక లెక్క చేసి చూద్దాం. శోషణ 0.555 వచ్చిందనుకోండి. ఫెర్రస్–ఫెనాంత్రోలిన్ మోలార్ శోషణ గుణకం 11,100. భాగిస్తే ఫ్లాస్కులో ఫెర్రస్ గాఢత లీటరుకు 50 మైక్రోమోళ్లు, అంటే 10 మి.లీ.లో 0.5 మైక్రోమోల్. ఇది 1 మి.లీ. నుంచి వచ్చింది కాబట్టి కువెట్‌లోని 3 మి.లీ.లో 1.5 మైక్రోమోళ్లు. 1.21తో భాగిస్తే పీల్చుకున్న ఫోటాన్లు 1.24 మైక్రోమోళ్లు. 60 సెకన్లకు పంచితే సెకనుకు 0.0207 మైక్రోమోల్, సుమారు పన్నెండు వేల లక్షల కోట్ల ఫోటాన్లు. 365 నానోమీటర్ల దగ్గర ఇది దాదాపు 6.8 మిల్లీవాట్లు. ఇక్కడితో ఆగకూడదు, ఒక పరీక్ష మిగిలే ఉంది. కువెట్‌లో మొదట ఉన్న ఫెర్రీఆక్సలేట్ 18 మైక్రోమోళ్లు, అందులో 1.5 మారింది, అంటే 8.3 శాతం. పది శాతం దాటకూడదు. దాటితే కాంతి సమయాన్ని సగానికి తగ్గించి మళ్లీ చేయాలి.

తప్పు ఎక్కడ జరుగుతుందో చెప్పకపోతే ఇదంతా పుస్తకపు మాటే అవుతుంది. అన్నిటికంటే ఎక్కువగా చూసేది కలపడం మానేయడం. ఈ ద్రావణం కాంతిని ఎంత గట్టిగా పీల్చుతుందంటే చర్య అంతా దీపం వైపు గోడకు ఆనుకున్న పలుచటి పొరలోనే జరుగుతుంది. కడ్డీ తిరగకపోతే అక్కడ లవణం అయిపోతుంది, వెనకున్నది అలాగే ఉంటుంది, దిగుబడి తక్కువ వస్తుంది. రెండో తప్పు, ఫెనాంత్రోలిన్ కలిపాక ఫ్లాస్కును వెలుతురులో వదిలేయడం. ఫెర్రిక్–ఫెనాంత్రోలిన్ కూడా కాంతికి క్షయకరణం చెందుతుంది, దాంతో బ్లాంక్ కూడా ఎర్రబడుతుంది. బ్లాంక్ శోషణ రోజురోజుకూ పెరుగుతోందంటే లవణం పాతబడిందని గాని, గదిలోకి ఎక్కడి నుంచో కాంతి వస్తోందని గాని అర్థం. కంప్యూటర్ తెర వెలుతురు కూడా ఇందులో నేరస్తురాలే. మూడోది దీపం. పాదరస దీపం నిలకడకు రావడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. ఎల్ఈడీ దీనికి పూర్తిగా వ్యతిరేకం: వెలిగించగానే ఎక్కువ కాంతి ఇచ్చి, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి అసలు ప్రయోగానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, అదే కువెట్‌తో, అదే చోట కొలవాలి. రెండింటికీ తేడా ఐదు శాతం దాటితే ఆ రోజు అంకెల్ని నేను వాడను.

తరంగదైర్ఘ్యం మారితే దిగుబడీ మారుతుంది. 254 దగ్గర 1.25, 436 దగ్గర 1.01. 430 దాటి పనిచేయాలంటే 0.006 మోలార్ చాలదు, కాంతి కొంత దూసుకుపోతుంది. 0.15 మోలార్ వాడాలి.

ఇప్పుడు నీలి ముద్రకు వద్దాం. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన ఈ పద్ధతిలో ఆక్సలేట్ స్థానంలో సిట్రేట్ ఉంటుంది. కాంతి పడితే సిట్రేట్ నుంచి ఎలక్ట్రాన్ ఫెర్రిక్ ఇనుముకు వెళ్లి ఫెర్రస్ వస్తుంది. పక్కనే ఉన్న ఫెర్రీసయనైడ్ దాన్ని పట్టుకుని, నీటిలో కరగని ముదురు నీలం అవుతుంది. పరిశోధనశాలలో ఫెర్రస్‌ను ఫెనాంత్రోలిన్ ఎర్రగా చూపిస్తే, బడిలో ఫెర్రీసయనైడ్ నీలంగా చూపిస్తుంది. చర్యా అదే, లెక్కా అదే, కొలిచే పరికరం మాత్రం కాగితం. ఇంజనీర్ల బ్లూప్రింట్‌కు ఆ పేరు వచ్చింది దీని నుంచే.

పరిశోధనను, జనానికి చెప్పడాన్ని రెండు వేర్వేరు ఉద్యోగాలుగా చూడనవసరం లేదనడానికి మా రంగంలో పెద్ద ఉదాహరణ జార్జ్ పోర్టర్. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళంలో రాడార్ అధికారిగా పనిచేసి, తర్వాత కేంబ్రిడ్జిలో నోరిష్ దగ్గర చేరాడు. కెపాసిటర్లలో దాచిన విద్యుత్తును ఒక్క దెబ్బలో దీపంలోకి వదిలి, ఆ మెరుపుకు పుట్టే క్షణికమైన అణువులను రెండో మెరుపుతో చూసే ఫ్లాష్ ఫోటోలిసిస్ పద్ధతిని 1949లో వెల్లడించాడు. 1967లో నోరిష్, ఐగెన్‌లతో కలిసి నోబెల్ వచ్చింది. 1966 నుంచి 1985 దాకా లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కు డైరెక్టరు. ఫారడే చొరవతో 1825లో మొదలైన పిల్లల క్రిస్మస్ ఉపన్యాసాలు జరిగే చోటు అదే, పోర్టర్ పరిశోధన బృందం పనిచేసిన డేవీ–ఫారడే ప్రయోగశాల ఉన్నదీ ఆ కట్టడంలోనే. 1969లోనూ 1976లోనూ ఆ ఉపన్యాసాలు ఆయనే ఇచ్చాడు. రెండోసారి ఎంచుకున్న విషయం సూర్యకిరణం. జనం ముందు చేసి చూపించే ప్రయోగాన్ని పరిశోధన ప్రయోగమంత శ్రద్ధగా సిద్ధం చేయాలన్నది నేను ఆ పరంపర నుంచి తీసుకున్న పాఠం.

నలభై మంది పిల్లలకు, తలా రెండు కాగితాలకు సరిపడే కొలతలు ఇవి. ఆకుపచ్చ ఫెర్రిక్ అమోనియం సిట్రేట్ 12.5 గ్రాములు 50 మి.లీ. నీటిలో, ఇది ఎ ద్రావణం. పొటాషియం ఫెర్రీసయనైడ్ 5 గ్రాములు 50 మి.లీ. నీటిలో, ఇది బి ద్రావణం. పోస్టుకార్డు సైజు కాగితానికి ఒక మి.లీ. కలిపిన ద్రావణం చాలు. దుకాణంలో సిట్రేట్ గోధుమరంగుదీ దొరుకుతుంది. దానికి కాంతి పట్టు తక్కువ, ఆకుపచ్చదే అడగాలి. నీళ్లు మాత్రం డిస్టిల్డ్ వాడాలి. బ్యాటరీలకు పోసే నీళ్లు దొరుకుతాయి, అవి చాలు. ఎ, బి ద్రావణాలను విడివిడిగా గోధుమ సీసాల్లో పెట్టుకుని, పూసే ముందే సమంగా కలుపుకోవాలి. విడిగా ఉంటే వారాలు నిలుస్తాయి, కలిపాక అదే రోజు అయిపోవాలి. వానాకాలంలో ఎ ద్రావణం మీద బూజు పడుతుంది. అది పారబోసి కొత్తది చేసుకోవాలి. వడకట్టి వాడితే ముద్రలో మచ్చలొస్తాయి.

ఫెర్రీసయనైడ్ పేరు విని టీచర్లు భయపడతారు, భయపడటం న్యాయమే. ఈ లవణంలో సయనైడ్ ఇనుముకు గట్టిగా కట్టుబడి ఉంటుంది, మామూలు వాడకంలో విడిపోదు. కానీ గాఢమైన ఆమ్లంతో కలిపినా, బాగా వేడిచేసినా హైడ్రోజన్ సయనైడ్ వాయువు రావొచ్చు. బడి ల్యాబ్‌లో హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల సీసాలున్న బల్ల దగ్గర ఈ పని పెట్టకూడదు. మిగిలిన ద్రావణాన్ని ఆమ్లాల వ్యర్థంతో కలపకూడదు. పూత పూసే పని పెద్దవాళ్లు గ్లౌజులతో చేయాలి. పిల్లల చేతికి ఆరిన కాగితమే ఇవ్వాలి. ముద్ర వేయడం పూర్తయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కున్నాకే మధ్యాహ్న భోజనం.

పూత కోసం బడిలో ఒక గది కిటికీలకు దుప్పట్లు కట్టి, పాతకాలపు పసుపు బల్బు ఒకటి దూరంగా పెట్టుకుంటాను. వెడల్పు స్పాంజి బ్రష్‌తో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. బ్రష్‌కు ఇనుప పట్టీ ఉంటే అది కూడా నీలంగా మారి కాగితం మీద చుక్కలు పెడుతుంది, ఉన్నా దాని మీద టేపు చుట్టాలి. కాగితం నిమ్మపండు పసుపులో ఆరాలి. ఆరకముందే నీలి ఛాయ వచ్చిందంటే కాంతి తగిలిందన్నమాట, లేదా గాలిలో తేమ ఎక్కువై ఆరడానికి గంటలు పట్టిందన్నమాట. కాకినాడ, విశాఖ వైపు ఈ రెండోది మామూలే. అక్కడ హెయిర్ డ్రైయర్ చల్లగాలితో ఆరబెట్టడమే ఉపాయం. మార్చిలో తెలంగాణ ఊళ్లలో అయితే పావుగంటలో ఆరిపోతుంది.

కాగితం దగ్గరే చాలామంది ఓడిపోతారు. జిరాక్స్ కాగితంలో కాల్షియం కార్బనేట్ నింపుతారు, అది క్షారం. ఈ నీలానికి క్షారం పడదు. ఇనుప హైడ్రాక్సైడ్‌గా విడిపోయి నీలం వెలిసి, పసుపు మరక మిగులుతుంది. పిల్లవాడు ఇంటికి తీసుకెళ్లిన ముద్ర వారంలో పాలిపోతే ఆ ప్రయోగం మీద నమ్మకం పోతుంది. డ్రాయింగ్ షీట్లు కొన్నప్పుడు ఒక్కోరకం నుంచి ఒక ముక్క తీసి, ముద్ర వేసి, కడిగి, రెండు రోజులు పక్కన పెట్టి చూశాకే మొత్తం కొంటాను.

నీళ్లదీ అదే కథ. బోరు నీళ్లలో బైకార్బనేట్ ఎక్కువ ఉన్నచోట కడుగుతుండగానే నీలం నీరసపడుతుంది. టబ్బు నీళ్లకు, అంటే పది లీటర్లకు, ఒక చెంచా నిమ్మ ఉప్పు కలిపితే సరిపోతుంది. దుకాణంలో సిట్రిక్ ఆమ్లాన్ని ఆ పేరుతోనే అడగాలి. ఇంత పలుచటి బలహీన ఆమ్లంతో ప్రమాదం లేదు. బట్టల సోడా ఉన్న బకెట్‌లో మాత్రం కడగనివ్వకండి, ముద్ర మొత్తం కళ్లముందే చెరిగిపోతుంది. దాన్నే చివర్లో ప్రయోగంగా చూపించొచ్చు. ఒక చెడిన ముద్రను సోడా నీళ్లలో ముంచితే నీలం ఎందుకు పోయిందో అడగడానికి మంచి సందర్భం.

ఎండ ఫిబ్రవరి నెలాఖరుకు బాగా అందుకుంటుంది. జాతీయ విజ్ఞాన దినోత్సవం ఫిబ్రవరి 28న కాబట్టి బడులు పిలిచేదీ అప్పుడే. మధ్యాహ్నం ఎండలో ఐదు నిమిషాలు, శీతాకాలం ఉదయం అయితే పది, పదిహేను. మబ్బు పడితే దానికి రెండు, మూడింతలు. పిల్లలు వేప రెమ్మ, మునగాకు, చింతాకు లాంటివి కాగితం మీద పెట్టి, పైన గాజు పలక, చుట్టూ క్లిప్పులు పెడతారు. చిన్న ఆకులే బాగా వస్తాయి. మందపాటి ఆకులు పలకను ఎత్తేస్తాయి, అంచులు మసకబారతాయి. కాగితం పసుపు నుంచి ఆకుపచ్చకు, నీలానికి, చివరికి బూడిదరంగుకు తిరుగుతుంది. బూడిదరంగు చూసి మాడిపోయిందని తీసేయకూడదు. అప్పటికి కొంత నీలం మరీ క్షయకరణం చెంది రంగు పోగొట్టుకుంటుంది, గాలి తగిలితే మళ్లీ వస్తుంది. కడిగాక 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కొన్ని చుక్కలు కలిపిన నీళ్లలో ముంచితే ఆ ఆక్సీకరణం క్షణంలో పూర్తవుతుంది. పిల్లలు ఎక్కువగా గుర్తుపెట్టుకునేది ఆ క్షణాన్నే. నీళ్లు పసుపు వదలడం ఆగేదాకా ఐదు నిమిషాలు కడగాలి. పసుపు మిగిలితే తర్వాత ఆకు బొమ్మ కూడా నీలమైపోతుంది.

గాజు విషయంలో ఒక హెచ్చరిక. మామూలు కిటికీ గాజు 365 నానోమీటర్ల కాంతిని వదులుతుంది, పర్వాలేదు. కారు ముందు అద్దం లాంటి పొరల గాజు, పాలీకార్బనేట్ రేకు అల్ట్రావయొలెట్‌ను ఆపేస్తాయి. గాజు పగులుతుందని పారదర్శకమైన ప్లాస్టిక్ తెచ్చి, అరగంట ఎండలో పెట్టినా ముద్ర పడలేదంటే కారణం అదే. రసాయనాన్ని తప్పుపట్టే ముందు పలకను మార్చి చూడాలి.

ఆకుల బొమ్మ అందంగానే ఉంటుంది, కానీ నా దృష్టిలో అసలు పాఠం పట్టీలో ఉంది. ఒక కాగితపు పట్టీ మీద అట్ట జరుపుతూ 1, 2, 4, 8 నిమిషాల కాంతి పడనిస్తే నాలుగు నీలాలు వస్తాయి. ఒకటి నీడలో చేయండి, ఒకటి ఎండలో చేయండి. నీడలోనూ ముద్ర పడుతుంది. అల్ట్రావయొలెట్‌లో మంచి భాగం ఆకాశమంతటి నుంచీ చెదిరి వస్తుంది మరి. నీడలో ఎన్ని నిమిషాల నీలం ఎండలో ఎన్ని నిమిషాల నీలంతో సమానమో పోల్చమంటే పిల్లలు తమకు తెలియకుండానే కాంతిని కొలిచేస్తారు. ఫెర్రీఆక్సలేట్‌తో నేను చేసేదీ ఇదే.

రెండో పట్టీ మీద ఎరుపు, పసుపు, నీలం రంగు సెల్లోఫేన్ ముక్కలు. కంటికి పసుపు ముక్కే ఎక్కువ వెలుతురుగా కనిపిస్తుంది, ముద్ర మాత్రం నీలం ముక్క కిందే పడుతుంది. పీల్చుకోని కాంతి ఎంత ఉన్నా పని చేయదు. ఇది గ్రోతుస్–డ్రేపర్ నియమం, తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంతకంటే బాగా చెప్పే దారి నాకు తెలియదు. ముందురోజు ఇంట్లో పరీక్షించకుండా మాత్రం తీసుకెళ్లకండి. కొన్ని చవక ఎర్ర కాగితాలు కనిపించే నీలాన్ని ఆపి, కనిపించని అల్ట్రావయొలెట్‌ను వదిలేస్తాయి. రెండు మడతలు వేస్తే చాలావరకు సరిపోతుంది. మూడో పట్టీ మీద పారదర్శక షీటు, దాని మీద వేలితో సన్‌స్క్రీన్ పూత. పూసినచోట తెల్లగా మిగులుతుంది.

ఎండ లేని రోజుకు వేరే సరంజామా ఉంచుకుంటాను. చిటికెడు పసుపు 10 మి.లీ. సర్జికల్ స్పిరిట్‌లో కలిపి తేరుకోనిచ్చి, పైతేటను అల్ట్రావయొలెట్ టార్చి కింద పెడితే ఆకుపచ్చ పసుపుగా వెలుగుతుంది. నీళ్లు పోస్తూ పోతే వెలుగు తగ్గిపోతుంది. అణువు అదే, చుట్టూ ఉన్న ద్రవం మారితే అది కాంతిని తిరిగి ఇవ్వడం మానేసి వేడిగా పోగొడుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటం వేరే సంగతి, దానికి కాంతితో పనిలేదు. ఈ రెండూ పిల్లలు కలిపేసుకుంటారు, విడదీసి చెప్పాలి. పసుపు బట్టలు ఎండలో ఆరేస్తే వెలిసిపోతాయని ప్రతి ఇంట్లోనూ తెలుసు. పసుపు అద్దిన గుడ్డ మీద సగం అల్యూమినియం రేకు కప్పి ఎండలో ఉంచితే ఆ ఇంటి తెలివి ప్రయోగంగా మారుతుంది.

పాలకూర ఐదారు ఆకులు నూరి, 20 మి.లీ. స్పిరిట్‌తో కలిపి, దూదిలో వడకట్టితే పచ్చటి రసం వస్తుంది. టార్చి వేసి పక్క నుంచి చూస్తే నెత్తుటి ఎరుపు. ఆకులో ఉన్నప్పుడు పత్రహరితం తీసుకున్న శక్తిని కిరణజన్య సంయోగక్రియకు అప్పగిస్తుంది. రసంలో తీసుకునేవాళ్లు లేక, కొంత ఎర్ర కాంతిగా వదిలేస్తుంది. ఇక్కడ జరిగే పొరపాటు చిక్కటి రసం చేయడం. చిక్కగా ఉంటే టార్చి కాంతి మొదటి మిల్లీమీటరులోనే అయిపోతుంది, వెలువడిన ఎరుపును కూడా పక్క అణువులే మింగేస్తాయి. లేత పచ్చగా పలుచన చేయాలి. ఫ్లోరసెన్స్ కొలతల్లో శోషణ 0.1 దాటనివ్వకూడదని విద్యార్థులకు చెప్పేది కూడా సరిగ్గా ఈ కారణానికే. స్పిరిట్ ఉన్నచోట కొవ్వొత్తి, అగ్గిపుల్ల ఉండకూడదు. టార్చిని ఎవరి కళ్లలోకీ వేయకూడదు. 254 నానోమీటర్ల క్రిమినాశక దీపాన్ని బడికి తీసుకెళ్లనే కూడదు.

పోర్టర్ రంగాన్ని, అంటే క్షణికమైన స్థితుల్ని, బడిలో చూపించడం కష్టం. మేం 355 నానోమీటర్ల లేజర్ దెబ్బతో బెంజోఫినోన్ అణువులో ట్రిప్లెట్ అనే క్షణికమైన స్థితిని పుట్టించి 525 దగ్గర చూస్తాం. ద్రావణం శోషణ లేజర్ దగ్గర 0.3 నుంచి 0.5 మధ్య ఉంచి, ఇరవై నిమిషాలు నైట్రోజన్ పోనిస్తాం. అలా చేయకపోతే గాలిలోని ఆక్సిజన్ దాన్ని ఒక మైక్రోసెకనులోపే చంపేస్తుంది. బడిలో దీనికి బదులు థయోనిన్ అనే రంగు పదార్థం వాడతాను. 600 మి.లీ. నీళ్లు, 0.001 మోలార్ థయోనిన్ 10 మి.లీ., పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం 10 మి.లీ., ఫెర్రస్ సల్ఫేట్ 2 గ్రాములు. ఊదారంగు ద్రావణం మీద బలమైన దీపం వేయగానే రంగు పోతుంది, దీపం ఆర్పితే కొద్ది క్షణాల్లో తిరిగొస్తుంది. కాంతిలో ఫెర్రస్ ఇనుము రంగుకు ఎలక్ట్రాన్ ఇస్తుంది, చీకట్లో ఫెర్రిక్ దాన్ని వెనక్కి తీసుకుంటుంది. మళ్లీ ఇనుమే. ఫెర్రస్ సల్ఫేట్ స్ఫటికాలు గోధుమరంగు తిరిగి ఉంటే ఇది పనిచేయదు, లేత ఆకుపచ్చవే తీసుకోవాలి. ఇందులో సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంది కాబట్టి ఫెర్రీసయనైడ్ వాడే రోజున ఈ సీసా సంచిలో పెట్టను.

మాటల విషయంలోనూ కొలత కావాలి. పాఠ్యపుస్తకంలోని ఉత్తేజిత స్థితి అన్న మాటను నేను వదలను, కానీ దాన్ని మొదట వాడను. అణువు ఫోటాన్‌ను తీసుకున్నాక దాని ముందు ఉన్నవి నాలుగే దారులు: వేడిగా పోగొట్టుకోవడం, కాంతిగా తిరిగి ఇవ్వడం, పక్క అణువుకు అప్పగించడం, తానే మారిపోవడం. పసుపు, పాలకూర, నీలి ముద్ర చూశాక ఏది ఏ దారో పిల్లలే చెబుతారు. అప్పుడు ఆ స్థితికి పేరు పెడితే నిలుస్తుంది. అణువు అనగానే అణుబాంబు గుర్తొచ్చే పిల్లలుంటారు కాబట్టి అణువు, పరమాణువు, కేంద్రకం తేడా రెండు నిమిషాలు చెప్పి ముందుకు వెళ్తాను.

ఒక బడికి వెళ్లడానికి నాకు సిద్ధం చేసుకోవడానికి రెండు సాయంత్రాలు, అక్కడ ఒక పూట పడుతుంది. సెమిస్టరు మధ్యలో లేజర్ సమయం దొరికిన వారాల్లో ఒప్పుకోను. హడావిడిగా చేసిన రెండు పనులూ చెడతాయి. తిరిగొచ్చాక మిగిలిన ద్రావణాలను, మొదటి కడుగునీళ్లను డబ్బాలో నింపి ప్రయోగశాల వ్యర్థాలతోనే ఇస్తాను, బడి కాలువలో పోయను. మబ్బుకు, నీటికి, కాగితానికి ముద్ర ఎలా మారిందో ఒక నోటుపుస్తకంలో రాసి, ప్రతి ఊరి నాలుగు నీలాల పట్టీ ఒకటి అందులో అంటిస్తాను. అలాంటిదే ఇంకో పట్టీ బడి గోడకే ఉంటుంది. దాని వెనక తేదీ, వేళ, ఆకాశం ఎలా ఉందో పిల్లల చేతే రాయిస్తాను. పూత పూయకముందే, పెన్సిల్‌తో రాయాలి. పెన్ను సిరా కడిగేటప్పుడు కరిగిపోతుంది.